ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ: క్షమ వేరు, క్షమాభిక్ష వేరు

దక్షిణాఫ్రికాలో నల్లవారు తమను దశాబ్దాలపాటు హింసించిన తెల్లవారిని క్షమించి వదిలేశారని, ఆ క్షమకు ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ పెద్దదిక్కుగా నిలిచారని మనం తరచు చదువుతుంటాం. ఆయనను మెచ్చుకునేవారు ఈ మాటను పొగడ్తగా అంటారు. హంతకులను శిక్ష లేకుండా వదిలేశారని బాధపడేవారు ఇదే మాటను నిందగా అంటారు. రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని నా అభిప్రాయం. అక్కడ చట్టం ఇచ్చినది క్షమాభిక్ష. టూటూ బోధించినది క్షమ. మొదటిది రాజకీయ నాయకుల బేరసారాల్లో పుట్టి, న్యాయమూర్తుల చేతుల మీదుగా, షరతులతో నడిచిన వ్యవహారం. రెండోది నష్టపోయిన మనిషి తప్ప మరెవరూ ఇవ్వలేనిది. క్షమాభిక్ష కోరుతూ 7,112 మంది దరఖాస్తు చేసుకుంటే అది దక్కినది 849 మందికి మాత్రమే అన్న ఒక్క లెక్క చాలు, 'అందరినీ వదిలేశారు' అన్న మాట ఎంత దూరం నిజమో తెలియడానికి. ఈ రెండూ ఎలా కలగలిసిపోయాయో తెలియాలంటే టూటూ జీవితాన్ని, అంతకన్నా ముందు ఆయన పదవిని అర్థం చేసుకోవాలి.

బిషప్ అన్న మాట తెలుగు పాఠకులకు కొత్త కాదు. దోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి, రాయలసీమ డయాసిస్‌ల (ఒక్కో బిషప్ పరిధిలోని ప్రాంతాల) పేర్లు క్రైస్తవులు కానివారు కూడా విని ఉంటారు. అయితే 1947లో ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘం మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలతో కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే మనం సి.ఎస్.ఐ. అని పిలిచే సంఘంగా ఏర్పడినప్పుడు ఆర్చిబిషప్ పదవి లేకుండా చేసుకుంది. బిషప్‌లలో ఒకరు కొంతకాలం మోడరేటర్‌గా ఉంటారు. దక్షిణాఫ్రికాలో అలా జరగలేదు. అక్కడి ఆంగ్లికన్ సంఘానికి కేప్‌టౌన్ బిషప్ ఆర్చిబిషప్‌గా ఉంటూ, పదవీ విరమణ చేసేదాకా కొనసాగుతారు. టూటూ కాలంలో ఆ సంఘం పరిధి ఒక్క దక్షిణాఫ్రికాతో ఆగలేదు. నమీబియా, లెసోతో, స్వాజీలాండ్, మొజాంబిక్ దేశాలూ, అట్లాంటిక్ సముద్రం నడుమనున్న సెయింట్ హెలీనా దీవీ దాని కిందికే వచ్చేవి.

ఇంత విస్తారమైన పరిధి ఉన్నా ఆర్చిబిషప్‌కు పోప్‌కు ఉన్నటువంటి అధికారం ఉండదు. ఇతర బిషప్‌లను ఆజ్ఞాపించలేరు, వారి డయాసిస్‌ల వ్యవహారాల్లో తలదూర్చలేరు. సమానుల్లో మొదటివారు, అంతే. మరి ఆ పదవికి బలం ఎక్కడిది? ఎవరూ లాక్కోలేని ఒక ప్రసంగ వేదిక, పోలీసులు అడుగుపెట్టడానికి సంకోచించే ఒక కేథడ్రల్, ప్రపంచమంతటా విస్తరించిన తోటి సంఘాలతో బంధం, ప్రభుత్వం నియమించలేని, తొలగించలేని స్థానం. వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆర్చిబిషప్‌ను గురువులూ (అంటే చర్చి ఫాదర్లూ), సామాన్య విశ్వాసులూ కలిసిన సభ ఓట్లు వేసి ఎన్నుకుంటుంది. దేశ పార్లమెంటుకు ఓటు వేసే హక్కే లేని నల్లజాతి మనిషిని 1986లో తెల్లవారూ నల్లవారూ కలిసి ఓటు వేసి తమ సంఘానికి అధిపతిగా ఎన్నుకున్నారు. ఆ దేశంలో అప్పటికి అది ఎంత అరుదైన దృశ్యమో ఊహించుకోవచ్చు.

టూటూ 1931 అక్టోబరు 7న ట్రాన్స్‌వాల్‌లోని క్లెర్క్స్‌డోర్ప్‌లో పుట్టారు. తండ్రి జకరయ్య బడి ప్రధానోపాధ్యాయుడు, ఖోసా తెగవారు. తల్లి అలెట్టా త్స్వానా తెగకు చెందినవారు. ఇళ్లలో పనిచేసి, తర్వాత అంధుల పాఠశాలలో వంటమనిషిగా పనికి కుదిరారు. ఆ పాఠశాల దగ్గరే టూటూ బతుకంతా గుర్తుంచుకున్న ఒక చిన్న సంఘటన జరిగింది. పొడవాటి నల్లని అంగీ ధరించిన ఒక తెల్ల గురువు అటుగా నడిచి వెళుతూ అలెట్టాను చూసి మర్యాదగా టోపీ తీశారు. చదువు లేని ఒక నల్ల పనిమనిషికి ఒక తెల్లమనిషి టోపీ తీసి గౌరవం చూపడం ఆ పిల్లవాడు అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ గురువు ట్రెవర్ హడిల్‌స్టన్. జొహానెస్‌బర్గ్ సమీపంలోని సోఫియాటౌన్‌లో నల్లవారి మధ్య పనిచేసిన ఆంగ్లికన్ సన్యాసి. ఆ తర్వాత టూటూకు క్షయ సోకి ఏడాదిన్నరకు పైగా ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినప్పుడు హడిల్‌స్టన్ వారం వారం వచ్చి పలకరించి, చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చి వెళ్లేవారు. టూటూ తన కుమారుడికి ట్రెవర్ అని పేరు పెట్టుకోవడం వెనుక ఉన్నది ఆ రుణమే.

టూటూ వైద్యుడు కావాలనుకున్నారు. వైద్య కళాశాలలో సీటు వచ్చినా ఫీజు కట్టే స్తోమత లేక, ఉపాధ్యాయ శిక్షణ పొంది తండ్రి బాటనే పట్టారు. 1955లో లేయాను పెళ్లి చేసుకున్నారు. అప్పటికే 1953 నాటి బంటూ విద్యా చట్టం అమల్లోకి వచ్చింది. నల్లపిల్లలకు కూలి పనికి సరిపోయేంత చదువు చాలన్న ఉద్దేశాన్ని ఆ చట్టాన్ని తెచ్చినవారు దాచుకోలేదు. అటువంటి బడిలో పాఠం చెప్పడానికి మనసొప్పక టూటూ ఉద్యోగం మానేశారు. గురువు కావాలన్న నిర్ణయం వెనుక గొప్ప దైవప్రేరణ ఏమీ లేదనీ, అప్పుడు కనిపించిన మార్గాల్లో అదొకటనీ ఆయనే తర్వాత నిజాయతీగా చెప్పుకున్నారు. 1960లో డీకన్‌గా, మరుసటి ఏడాది గురువుగా అభిషేకం పొందారు.

1962 నుంచి నాలుగేళ్లు లండన్ కింగ్స్ కాలేజీలో వేదాంతశాస్త్రం చదివారు. స్వదేశంలో, నల్లవారు ఎప్పుడూ వెంట ఉంచుకోవలసిన గుర్తింపు పత్రమైన పాస్ పుస్తకం లేకుండా వీధిలోకి వస్తే అరెస్టయ్యే ఆ దంపతులు, లండన్‌లో దారి తెలిసినా కావాలని పోలీసును ఆపి దారి అడిగేవారట. పోలీసు తమను 'సర్', 'మేడమ్' అని సంబోధిస్తే వినాలని! ఇది నవ్వు పుట్టించే ముచ్చటలా కనిపిస్తుంది కానీ, నాకు మాత్రం ఇది చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. హడిల్‌స్టన్ తీసిన టోపీకీ, లండన్ పోలీసు నోటి మర్యాదకూ టూటూ ఎందుకంత విలువ ఇచ్చారో గమనిస్తే ఆయన వేదాంతం సగం అర్థమవుతుంది. దేవుడు మనిషిని తన పోలికలో సృష్టించాడన్న బైబిలు వాక్యాన్ని ఆయన అక్షరాలా నమ్మారు. అది నిజమైతే ఒక మనిషిని చర్మపు రంగు చూసి కించపరచడం అన్యాయం మాత్రమే కాదు, దైవదూషణ కూడా. వర్ణవివక్ష పాలనకు బైబిలులోనే ఆధారాలు చూపిన డచ్ రిఫార్మ్‌డ్ సంఘం ఉన్న దేశంలో ఈ వాదానికి రాజకీయ ప్రాధాన్యం చాలా ఉంది. ప్రభుత్వం ఏ గ్రంథాన్ని ఆసరా చేసుకుందో ఆ గ్రంథంతోనే టూటూ దాన్ని నిలదీశారు.

ఆ తర్వాత కొన్నేళ్లు దక్షిణాఫ్రికాలో, లెసోతోలో బోధన, ఇంగ్లండులో ఉద్యోగం గడిచాయి. 1975లో జొహానెస్‌బర్గ్ సెయింట్ మేరీస్ కేథడ్రల్‌కు డీన్ అయిన తొలి నల్లజాతి వ్యక్తిగా స్వదేశానికి తిరిగివచ్చి, డీన్‌కు కేటాయించిన ఇల్లు తెల్లవారి పేటలో ఉన్నందున దాన్ని వద్దనుకుని నగర శివారులో నల్లవారు నివసించే సొవేటోలో కాపురం పెట్టారు. 1976 మే నెలలో ప్రధానమంత్రి జాన్ వోర్స్టర్‌కు సుదీర్ఘమైన లేఖ రాశారు. పరిస్థితి చేయి దాటుతోందని, వెంటనే మార్పు రాకపోతే రక్తపాతం తప్పదని అందులో హెచ్చరించారు. ప్రధాని దాన్ని లక్ష్యపెట్టలేదు. జూన్ 16న సొవేటో విద్యార్థులు పాలకుల భాష అయిన ఆఫ్రికాన్స్‌లో బోధనకు వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తే పోలీసులు కాల్పులు జరిపారు.

లెసోతో బిషప్‌గా రెండేళ్లు ఉండి, 1978లో దక్షిణాఫ్రికా సంఘాల సమాఖ్యకు ప్రధాన కార్యదర్శి అయినప్పటి నుంచి టూటూ దేశవ్యాప్త వ్యక్తి అయ్యారు. నాయకులంతా జైళ్లలోనో ప్రవాసంలోనో ఉన్న రోజులవి. నిషేధానికి గురైన పార్టీల గొంతు వినిపించే చోటు ఒక్క ప్రార్థనామందిరమే. ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కుంది, సమాఖ్య ఆదాయ వ్యయాలపై ఒక న్యాయమూర్తి నాయకత్వంలో విచారణ సంఘాన్ని వేసింది. ఆ సంఘం ఎదుట టూటూ ఇచ్చిన సాక్ష్యం లెక్కల వివరణతో ఆగలేదు. ఆదికాండం నుంచి మొదలుపెట్టి వర్ణవివక్ష బైబిలుకు ఎలా విరుద్ధమో ఆయన వివరించారు. 1984లో నోబెల్ శాంతి బహుమతి వచ్చాక ఆయనను తాకడం ప్రభుత్వానికి మరింత కష్టమైంది. మరుసటి ఏడాది జొహానెస్‌బర్గ్ బిషప్ అయ్యారు.

విదేశాలు దక్షిణాఫ్రికాపై ఆర్థిక ఆంక్షలు విధించాలని ఆయన బాహాటంగా కోరడం తెల్లవారికే కాదు, స్నేహితులైన కొందరికీ మింగుడు పడలేదు. ఆంక్షల వల్ల ముందు నష్టపోయేది నల్ల కార్మికులే కదా అన్నది వారి వాదన. నల్లవారు ఇప్పటికే కష్టాల్లో ఉన్నారు, ముగింపు ఉన్న కష్టాన్ని వారు భరిస్తారు అన్నది టూటూ జవాబు. 1986లో అమెరికా కాంగ్రెసు అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిపుచ్చి ఆంక్షల చట్టం చేసింది.

అదే కాలంలో జరిగిన మరో సంఘటన ఈ వ్యాసానికి ఇంకా ముఖ్యం. 1985 జులైలో దుదుజా అనే నల్లవారి పేటలో అంత్యక్రియలకు వచ్చిన జనం, పోలీసులకు సమాచారం ఇస్తున్నాడన్న అనుమానంతో ఒక వ్యక్తిని పట్టుకుని కొట్టి సజీవంగా తగలబెట్టడానికి సిద్ధపడ్డారు. పెట్రోలు నింపిన టైరును మెడలో వేసి నిప్పంటించడం అప్పట్లో ద్రోహులకు వేసే శిక్షగా మారింది. టూటూ, తోటి బిషప్‌లూ జనంలోకి చొరబడి ఆ మనిషిని కాపాడారు. కొద్ది రోజులకే మరో అంత్యక్రియల సభలో, ఈ పద్ధతి మానకపోతే తాను ప్రియంగా ప్రేమించే ఈ దేశాన్ని విడిచి వెళ్లిపోతానని కన్నీళ్లతో హెచ్చరించారు. పాలకుల హింసకూ, పీడితుల హింసకూ మూలంలో తేడా ఉందని ఆయనకు తెలుసు. కానీ చిత్రహింసకు గురవుతున్న శరీరానికి ఆ తేడా తెలియదన్నది ఆయన పట్టుదల. పదేళ్ల తర్వాత, వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించిన సత్య-సయోధ్య కమిషన్ అధ్యక్షుడిగా ఆయన ప్రవర్తన అంతా ఈ పట్టుదల మీదే నిలిచింది.

1986 సెప్టెంబరు 7న కేప్‌టౌన్ ఆర్చిబిషప్‌గా టూటూ అధికార స్వీకారం చేశారు. ఆ పీఠం ఎక్కిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. ఆర్చిబిషప్ నివాసం బిషప్స్‌కోర్ట్ తెల్లవారికి కేటాయించిన ప్రాంతంలో ఉంది. నివాస ప్రాంతాలను జాతుల వారీగా విడదీసిన చట్టం ప్రకారం అక్కడ ఉండడానికి ఆయన అనుమతి తీసుకోవాలి. ఆయన అడగలేదు. కుటుంబంతో వెళ్లి ఉన్నారు, అంతే. ఆ చట్టాలు పీడించింది నల్లవారిని మాత్రమే కాదని తెలుగువారు గుర్తుంచుకోవాలి. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతిని ప్రభుత్వం 'ఇండియన్లు' అనే వర్గంలో వేసి, విడి పేటలకు తరలించి, 1983 రాజ్యాంగంలో భారతీయులకూ మిశ్రమ జాతివారికీ చెరో సభ ఇచ్చి, జనాభాలో అత్యధికులైన నల్లవారికి మాత్రం ఏమీ ఇవ్వలేదు. అది ఐక్యతను చీల్చే ఎర అని గ్రహించి భారతీయుల్లో అత్యధికులు 1984 ఎన్నికలకు దూరంగా ఉన్నారు.

1988 ఫిబ్రవరిలో ప్రభుత్వం 17 సంస్థల కార్యకలాపాలను నిషేధించినప్పుడు గురువుల దుస్తుల్లోనే పార్లమెంటు వైపు నడిచి టూటూ అరెస్టయ్యారు. 1989 సెప్టెంబరు 13న సెయింట్ జార్జెస్ కేథడ్రల్ నుంచి ఆయన ముందు నడిచిన ఊరేగింపులో సుమారు 30,000 మంది పాల్గొంటే కొత్తగా వచ్చిన డి క్లర్క్ ప్రభుత్వం ఆపలేదు. దేశం మారబోతోందన్న సంగతి చాలామందికి మొదట అర్థమైనది ఆ రోజే. ఐదు నెలల తర్వాత 1990 ఫిబ్రవరి 11న విడుదలైన నెల్సన్ మండేలా స్వేచ్ఛగా గడిపిన తొలి రాత్రికి ఆతిథ్యమిచ్చిన ఇల్లు బిషప్స్‌కోర్టే. అయితే మండేలా పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌లో, అంటే ఏ.ఎన్.సి.లో, టూటూ చేరలేదు. పైగా గురువులెవరూ రాజకీయ పార్టీల్లో సభ్యులుగా ఉండరాదని ఆయన నాయకత్వంలోని బిషప్‌లు అదే ఏడాది తీర్మానించారు. ఉద్యమకారులైన గురువులు చాలామంది దీన్ని తప్పుబట్టారు. రేపు అధికారంలోకి వచ్చేవారిని కూడా ప్రశ్నించవలసి వస్తుందని టూటూ ముందే ఊహించారనిపిస్తుంది.

చట్టం ఏం చెప్పింది, ఆర్చిబిషప్ ఏం కోరారు

1990 నుంచి 1994 వరకు సాగిన చర్చల్లో అన్నిటికంటే గట్టి ముడి పడింది క్షమాభిక్ష దగ్గర. సైన్యం, పోలీసు శాఖ ఇంకా పాత ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. అధికారం అప్పగించాక తమను బోనెక్కిస్తారన్న భయం ఉంటే వారు ఎన్నికలు సాగనివ్వరు. పాత ప్రభుత్వం సంపూర్ణ క్షమాభిక్ష కోరింది, ఏ.ఎన్.సి. ఒప్పుకోలేదు. చివరకు 1993 తాత్కాలిక రాజ్యాంగపు చివర చేర్చిన ఒక భాగంలో, రాజకీయ ఉద్దేశంతో జరిగిన నేరాలకు క్షమాభిక్ష ఇవ్వాలని, దాని విధివిధానాలు రాబోయే పార్లమెంటు నిర్ణయిస్తుందని రాసుకున్నారు. ప్రతీకారం కాదు, అవగాహన కావాలని, పీడన కాదు, 'ఉబుంటు' కావాలని ఆ భాగం అంది. మనిషి సాటి మనుషుల వల్లనే మనిషి అవుతాడన్నది ఉబుంటు అనే ఆఫ్రికన్ భావన సారాంశం. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. క్షమాభిక్ష టూటూ ఆలోచన కాదు. ఆయనను నియమించేనాటికి అది రాజ్యాంగంలోకి ఎక్కేసింది. ఆ బేరాన్ని ఎంతవరకు నైతికంగా నిలబెట్టగలం అన్నదే ఆయన ఎదుట నిలిచిన ప్రశ్న.

1995లో చేసిన చట్టం కింద 17 మంది సభ్యులతో సత్య-సయోధ్య కమిషన్ ఏర్పడింది. టూటూ అధ్యక్షులు, అలెక్స్ బొరెయిన్ ఉపాధ్యక్షులు. దాని పరిధి 1960 మార్చి 1 నుంచి 1994 మే 10 వరకు జరిగిన హత్యలు, చిత్రహింసలు, అపహరణలు, తీవ్రమైన దౌర్జన్యాలు. బాధితుల వాంగ్మూలాలు వినేది ఒక సంఘం, పరిహారం సిఫారసు చేసేది ఒక సంఘం, క్షమాభిక్ష దరఖాస్తులు తేల్చేది మరో సంఘం. మూడోదానిలో న్యాయమూర్తులు, న్యాయవాదులు ఉండి స్వతంత్రంగా పనిచేశారు. టూటూ ఎవరికీ క్షమాభిక్ష ఇవ్వలేదు, ఇవ్వనూ లేరు, ఇచ్చినదాన్ని రద్దు చేయనూ లేరు. 1997లో ఆ సంఘం 37 మంది ఏ.ఎన్.సి. నాయకులకు ఎవరు ఏ నేరం చేశారో విడివిడిగా చెప్పకుండానే మూకుమ్మడిగా క్షమాభిక్ష ఇచ్చినప్పుడు, దాన్ని కొట్టివేయించడానికి కమిషనే కోర్టుకు వెళ్లవలసి వచ్చింది.

క్షమాభిక్షకు షరతులు ఏమిటి? నేరం ఆ కాలపరిధిలో జరిగి ఉండాలి, దాని వెనుక రాజకీయ ఉద్దేశం ఉండాలి, చేసినదంతా దాచకుండా చెప్పాలి. తీవ్రమైన నేరాలైతే బహిరంగ విచారణలో, బాధితుల ఎదుట, టెలివిజన్ కెమెరాల ఎదుట చెప్పాలి. అంతే. పశ్చాత్తాపం చూపాలని చట్టం అడగలేదు. బాధితులను క్షమాపణ కోరాలని అడగలేదు. బాధితుల అంగీకారమూ అక్కరలేదు. చాలామందికి ఇది ఘోరమైన లోపంగా తోస్తుంది. నాకు మాత్రం ఇది చట్టం చూపిన తెలివి అనిపిస్తుంది, ఎందుకంటే స్వేచ్ఛ కోసం కార్చే కన్నీటిలో ఏది నిజమో ఏది నటనో తేల్చగల న్యాయమూర్తి ఎక్కడా ఉండడు. సత్యాన్ని మాత్రం సాక్ష్యాలతో సరిచూడవచ్చు.

క్రైస్తవ సంప్రదాయంలో పాప పరిహారానికి మూడు మెట్లు చెబుతారు: మనసులో పశ్చాత్తాపం, నోటితో ఒప్పుకోలు, చేతితో నష్టపూరణ. చట్టం నడిమెట్టును మాత్రమే తీసుకుంది. మొదటి మెట్టును చట్టం శాసించలేదు, మూడోదాన్ని ప్రభుత్వానికి వదిలింది. టూటూ ఊదారంగు అంగీ, మెడలో సిలువతో కూర్చుని, ప్రార్థనతో సభ మొదలుపెట్టి, సాక్షులతో కలిసి నిలబడి పాడి, ఆ నడిమెట్టు చుట్టూ మిగిలిన రెండిటినీ నిలబెట్టడానికి ప్రయత్నించారు. లౌకిక రాజ్యపు విచారణలో ఈ మతవాతావరణం ఏమిటని ప్రశ్నించినవారున్నారు, అందులో న్యాయం లేకపోలేదు. క్షమించడానికి మనసొప్పని బాధితుల మీద ఆ వాతావరణం తెలియకుండానే ఒత్తిడి తెచ్చిందన్న విమర్శను నేను కొట్టిపారేయలేను.

తొలి విచారణ 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ పట్టణంలో జరిగింది. 1985లో భద్రతా పోలీసులు చంపిన నలుగురు క్రాడాక్ ఉద్యమకారుల్లో ఒకరైన ఫోర్ట్ కలాటా భార్య నొమొండే సాక్ష్యం చెబుతూ ఒక్కసారిగా వెనక్కి వాలి ఆక్రందించారు. అన్నీ విన్నామనుకున్నవారిని కూడా ఆ కేక కదిలించివేసింది. ఆ తొలి రోజుల్లోనే, చిత్రహింసల వల్ల చక్రాల కుర్చీకి పరిమితమైన ఒక వృద్ధ మాజీ ఖైదీ మాట సాగక ఆగిపోయినప్పుడు టూటూ బల్ల మీద తలవాల్చి ఏడ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా వ్యాపించింది. ఆ తర్వాత బహిరంగంగా ఏడవకూడదని ఆయన నిశ్చయించుకున్నారు. కెమెరాలు బాధితులను వదిలి తన వైపు తిరుగుతున్నాయన్నది ఆయన చెప్పిన కారణం.

సత్యం బయటికి వచ్చిన తీరు ఒక్కోసారి భరించరానిదిగా ఉండేది. కేప్‌టౌన్ పోలీసు అధికారి జెఫ్రీ బెన్జీన్ ఖైదీల తలలకు తడిగుడ్డ సంచి తొడిగి ఊపిరాడనీయకుండా హింసించేవాడు. 1997లో అతని బాధితుడు, అప్పటికి పార్లమెంటు సభ్యుడైన టోనీ యెంగెని, ఆ పని ఎలా చేసేవాడో చేసి చూపించమని విచారణలోనే కోరితే, బెన్జీన్ నేల మీద పడుకోబెట్టిన ఒక మనిషి మీద కూర్చుని చూపించాడు. అతనికి క్షమాభిక్ష దొరికింది. మరోవైపు నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో మృతికి కారకులైన పోలీసులకు, కమ్యూనిస్టు పార్టీ నాయకుడు క్రిస్ హానీని చంపిన ఇద్దరికీ, క్రాడాక్ హత్యల్లో ఆరుగురు పోలీసు అధికారులకూ నిరాకరణే ఎదురైంది. తిరస్కరణకు గురైన 5,392 మందిలో చాలామంది రాజకీయంతో సంబంధం లేని నేరాలకు జైల్లో ఉన్న మామూలు ఖైదీలని కూడా చెప్పాలి, లేకపోతే ఆ అంకె మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

బీకో కుటుంబం మొదటినుంచీ ఈ ఏర్పాటును వ్యతిరేకించింది. హంతకులను కోర్టుకు ఈడ్చే హక్కును పార్లమెంటు మా నుంచి ఎలా లాక్కుంటుందని మరికొన్ని కుటుంబాలతో కలిసి రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. 1996లో జస్టిస్ ఇస్మాయిల్ మహమ్మద్ రాసిన తీర్పు వారి వేదనను గుర్తిస్తూనే పిటిషన్‌ను కొట్టివేసింది. రహస్యంగా జరిగిన నేరాలకు సాక్ష్యాలు నాశనమైపోయినప్పుడు, ఈ ప్రలోభం లేకుండా నిజం బయటికి రాదన్నది అందులోని తర్కం. ఈ కుటుంబాలను క్షమాగుణం లేనివారని ఎవరైనా అంటే అది అన్యాయం. క్షమించమని ఎవరినీ ఆజ్ఞాపించలేమని టూటూ స్వయంగా అన్నారు.

దుదుజాలో చూపిన పట్టుదల 1997లో మళ్లీ కనిపించింది. నెల్సన్ మండేలా మాజీ భార్య విన్నీ మండేలా అంగరక్షక బృందం చేసిన అపహరణలు, హత్యల మీద తొమ్మిది రోజులు విచారణ జరిగితే, చివరలో టూటూ ఆమెను బతిమాలినంత పని చేశారు. తప్పు జరిగిపోయింది, క్షమించండి అని ఒక్క మాట అనమన్నారు. పనులు ఘోరంగా దారి తప్పాయని, అందుకు చింతిస్తున్నానని ఆమె అన్నారు, అంతకుమించి కాదు. మాజీ అధ్యక్షుడు పి.డబ్ల్యూ. బోతా అసలు హాజరే కాలేదు. 1998 అక్టోబరు 29న నివేదిక సమర్పించే రోజున ఏ.ఎన్.సి. దాన్ని ఆపించడానికి కోర్టుకెక్కి ఓడిపోయింది. వర్ణవివక్ష మానవాళిపై నేరమని, ప్రధాన దోషి పాత రాజ్యమేనని చెప్పిన నివేదిక, విముక్తి ఉద్యమం కూడా తన శిబిరాల్లో చిత్రహింసలకు, చంపడాలకు పాల్పడిందని చెప్పడం ఆ పార్టీకి నచ్చలేదు. న్యాయమైన యుద్ధం చేసినవారు అందులో అన్యాయమైన పనులు కూడా చేయగలరన్నది టూటూ వైఖరి. పార్టీ అధ్యక్షుడు థాబో ఎంబెకీ ఒకవైపు, లోపాలతో సహా నివేదికను స్వీకరిస్తున్నానన్న దేశాధ్యక్షుడు మండేలా మరోవైపు నిలిచిన రోజది.

తిరిగి ఇవ్వని కలం

ఇక మూడో మెట్టు, అంటే నష్టపూరణ. క్షమాభిక్ష దొరికినవాడు ఆ రోజే స్వేచ్ఛాజీవి అయ్యాడు. అతనిపై సివిల్ దావాకు కూడా దారి మూసుకుపోయింది. బాధితుడు మాత్రం ప్రభుత్వం ఇచ్చే పరిహారం కోసం ఎదురుచూడాలి. ఏటా సుమారు 17,000 నుంచి 23,000 రాండ్ల చొప్పున ఆరేళ్లు ఇవ్వాలని కమిషన్ సిఫారసు చేస్తే, 2003లో ప్రభుత్వం తలకు 30,000 రాండ్లు ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకుంది. క్షమాభిక్ష దొరకనివారిపైనా, అడగనివారిపైనా విచారణ జరపమని కమిషన్ అప్పగించిన సుమారు 300 కేసులు దాదాపు కదలనే లేదు. నా దృష్టిలో ఈ ఏర్పాటు నైతికంగా కూలిపోయింది ఇక్కడే. నిజం చెప్పకపోతే శిక్ష తప్పదన్న భయమే ఆ చట్టానికి వెన్నెముక. ఆ భయం ఉత్తదేనని తేలితే, ముందుకు వచ్చి నిజం చెప్పినవాడు అమాయకుడు, మౌనంగా ఉన్నవాడు తెలివైనవాడు అవుతాడు.

మేధావి మహ్మూద్ మమ్దానీ చేసిన విమర్శ ఇంకా లోతైనది. హత్యకు, చిత్రహింసకు గురైన వ్యక్తులను మాత్రమే బాధితులుగా లెక్కించడం వల్ల, ఇళ్ల నుంచి బలవంతంగా వెళ్లగొట్టబడిన లక్షలాది ప్రజలు, పాస్ చట్టాల కింద జైలుపాలైనవారు లెక్కలోకి రాలేదని, చట్టబద్ధంగా జరిగిన దోపిడీ వల్ల లాభపడినవారిని ఎవరూ ప్రశ్నించలేదని ఆయన వాదన. కమిషన్ పరిధిని గీసింది పార్లమెంటు కాబట్టి ఈ తప్పును టూటూ మీద మోపలేం. అలాగని ఆయన ఈ లోటును చూడలేదనడమూ నిజం కాదు. ఆయన తరచు ఒక ఉదాహరణ చెప్పేవారు: నా కలం దొంగిలించి, క్షమించమని అడిగి, కలం మాత్రం నీ దగ్గరే ఉంచుకుంటే ఆ పశ్చాత్తాపానికి అర్థం ఏముంది? 2011లో స్టెల్లెన్‌బాష్‌లో మాట్లాడుతూ, వర్ణవివక్ష వల్ల తెల్లవారంతా లాభపడ్డారు కాబట్టి వారిపై సంపద పన్ను వేయాలని ఆయన ప్రతిపాదించారు. క్షమామూర్తి అని పొగిడిన నోళ్లే ఆ రోజు ఆయనను తిట్టాయి. పన్ను రాలేదు.

1996లోనే ఆర్చిబిషప్ పదవి నుంచి విరమించినా ఆయన నోరు విరమించలేదు. దలైలామాకు వీసా ఇవ్వని ఏ.ఎన్.సి. ప్రభుత్వం పాత ప్రభుత్వం కన్నా హీనమన్నారు. స్వలింగ ప్రేమికులను ద్వేషించే స్వర్గం తనకు అక్కరలేదన్నారు. తన కుమార్తె, గురువైన ఎంపో, ఒక స్త్రీని పెళ్లాడినందుకు 2016లో ఆ సంఘంలో గురుత్వం వదులుకోవలసి వచ్చినప్పుడు ఆ నొప్పి ఆయన ఇంటికే వచ్చింది. 2005వ సంవత్సరపు గాంధీ శాంతి బహుమతిని మన ప్రభుత్వం ఆయనకు ఇచ్చింది. 2021 డిసెంబరు 26న, 90 ఏళ్ల వయసులో మరణించారు.

తొలి విచారణలో ఆయన ఎదుట ఆక్రందించిన నొమొండే కలాటా కేసు మాత్రం ఆయనకన్నా ఎక్కువ కాలం బతికింది. 2025లో బాధిత కుటుంబాలు కొన్ని కోర్టుకెక్కాక, కమిషన్ అప్పగించిన కేసులను తొక్కిపట్టింది ఎవరో తేల్చడానికి విచారణ కమిషన్ వేస్తామని అధ్యక్షుడు రమఫోసా ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో, హత్యలు జరిగి 40 ఏళ్లు నిండుతున్న రోజుల్లో, క్రాడాక్ నలుగురి మృతిపై న్యాయవిచారణ గెబెర్హా (పాత పేరు పోర్ట్ ఎలిజబెత్) నగరంలో మళ్లీ మొదలైంది. క్షమాభిక్ష నిరాకరణకు గురైన ఆరుగురు పోలీసు అధికారుల్లో అప్పటికి ఒక్కరూ బతికి లేరు.